మాక్ స్క్రేప్‌కి బక్ రాత్రిళ్ళే వస్తోంది, పగలు రప్పించడం ఎలా?

లౌడన్_కిరణ్:
అందరికీ నమస్కారం. మాది వర్జీనియా, లౌడన్ కౌంటీ. తెలిసినవాళ్ళ పొలం వెనక అడవిలో విల్లుతో వేటకి పర్మిషన్ దొరికింది. సోయా చేను అంచున ఓక్ చెట్టు కింద మాక్ స్క్రేప్ వేశాను, అంటే మగజింకలు వాసన గుర్తు వదలడానికి నేల గీకే చోటుకి నకలు. ఛాతీ ఎత్తులో వేలాడే కొమ్మ చూసుకుని, దాని కింద ఆకులు లాగేసి నల్లమట్టి కనపడేదాకా గీకాను. బాటిల్లో అమ్మే జింక యూరిన్ ఏదీ వాడలేదు. కెమెరాలో ఎనిమిది పాయింట్ల (కొమ్ముల మొనల) బక్, అంటే మగజింక, పడుతోంది, కానీ అన్నీ రాత్రి ఫొటోలే. నవంబర్ మొదటి వారం సెలవు పెట్టాను. ఈలోపు స్క్రేప్ చోటు మార్చాలా, లోపల ఇంకోటి వేయాలా? సరైన కొమ్మ లేని చోట తాడు కడితే పనిచేస్తుందా?

ఒహాయో_శీను:
బాటిల్ లేని స్క్రేప్ తాలింపు వేయని పప్పే బ్రదర్. నేను ఏటా అక్టోబర్ 20 దాటగానే ఎదకొచ్చిన డో (ఆడజింక) యూరిన్ చుక్కలుగా కారే డ్రిప్పర్‌లో పోసి కొమ్మకి వేలాడదీస్తాను. పోయినేడు పది పాయింట్ల బక్ పట్టపగలు వచ్చి దాని కింద నిలబడింది. ఆ తల ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉంది. ముందు బాటిల్ కొనండి, మిగతావి తర్వాత చూద్దాం.

వించెస్టర్_బాబాయ్:
శీనూ, ఆయన వర్జీనియా అని మొదటి లైన్లోనే రాశాడు, చదవలేదా? 2015 జూలై నుంచి ఇక్కడ జింక ఒంట్లోంచి వచ్చిన యూరిన్ గానీ, వేరే ద్రవం గానీ వేటలో వాడకూడదు. స్కౌటింగ్‌కి వెళ్ళినప్పుడు సంచిలో ఉన్నా తప్పే. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడికి ఇలాంటి సలహా ఇచ్చి కేసులో ఇరికిస్తావా?

ఒహాయో_శీను:
మా ఊళ్ళో షాపులో అరల నిండా అమ్ముతున్నారు బాబాయ్. అంత ప్రమాదమైతే అమ్మనిస్తారా? నాకు పనిచేసింది చెప్పాను, అంతే.

వించెస్టర్_బాబాయ్:
మేముండేది ఫ్రెడరిక్ కౌంటీ. వర్జీనియాలో క్రానిక్ వేస్టింగ్ అనే జింకల జబ్బు మొదట బయటపడింది ఇక్కడే, 2009లో. ఆ జబ్బు పట్టిన బక్‌ని నువ్వెప్పుడైనా దగ్గర నుంచి చూశావా? పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తల వేలాడేసి, నోట్లోంచి చొంగ కారుస్తూ, మనిషి పక్కనే నిలబడినా కదలదు. నేను చూశాను. షాపులో అమ్ముతున్నారన్నది నాకు సమాధానం కాదు.

పశువైద్యుడు_రాజేంద్రనగర్:
వెటర్నరీ చదివినవాణ్ణి కాబట్టి ఒక మాట. ఈ జబ్బుకి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్, అంటే మడత తప్పిన ప్రోటీన్. 1967లో కొలరాడోలో కంచెలో పెంచే మ్యూల్ డీర్ అనే రకం జింకల్లో మొదట గమనించారు. ఉమ్ము, మూత్రం, పేడ అన్నిటిలో బయటికొస్తుంది. మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. మామూలు వంట వేడికి చావదు. బాటిల్లో యూరిన్ పెంపుడు జింకలది. జాలీ నేల మీద వాటిని నిలబెట్టి కింద పడింది పడతారు, దాంతో పేడా ఉమ్మూ కూడా కలుస్తాయి. వందల మైళ్ళ అవతలి మంద నుంచి వచ్చిన దాన్ని మన అడవిలో, అదీ చుట్టుపక్కల జింకలన్నీ ముక్కు పెట్టే చోట పోయడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

ఒహాయో_శీను:
డాక్టర్ గారూ, అసలు స్క్రేప్ అంటేనే జింకలన్నీ వచ్చి నాకే చోటు. బాటిల్ లేకపోయినా జబ్బు అంటుకుంటుంది కదా! మరైతే మాక్ స్క్రేప్ వేయడమే మానేయమనండి.

పశువైద్యుడు_రాజేంద్రనగర్:
ఆ పాయింట్ నిజమే. స్క్రేప్ మట్టిలో, కొమ్మల మీద ప్రియాన్లు దొరికిన సందర్భాలున్నాయి. కానీ అక్కడ లేని జబ్బుని బయట నుంచి మోసుకొచ్చి పోయడం వేరు, ఉన్న జింకలు వాటంతట అవి కలవడం వేరు. ఇక పనితనం సంగతి. ఏ యూరిన్ పోసినా బక్‌లకి పెద్ద తేడా లేదని టెక్సస్ స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్ యూనివర్సిటీ వాళ్ళు ఎప్పుడో చూశారు. మనిషి మూత్రం పోసిన చోటికి కూడా వచ్చాయి. మీ బక్ బాటిల్ కోసం రాలేదు, కొమ్మ కోసం వచ్చింది.

ఒహాయో_శీను:
నా బక్ ఎందుకొచ్చిందో మీరు రాజేంద్రనగర్‌లో చదివి చెప్తారా? చెట్టు మీద కూర్చున్నది నేను.

జార్జియా_సుజాత:
శీను గారూ, అరవకండి. వాసన గురించి కాదు, కొమ్మ గురించి మాట్లాడదాం. కిరణ్ తమ్ముడు అడిగిందే అది.

తాడు పనిచేస్తుంది. భేషుగ్గా పనిచేస్తుంది. చేత్తో పట్టుకుంటే గరుగ్గా ఉండే మనీలా తాడు కొనండి. నైలాన్ వద్దు. రబ్బరు గ్లౌజులు వేసుకుని, కింది కొస నేలకి నాలుగున్నర, అయిదు అడుగుల ఎత్తులో ఉండేలా కట్టండి. కొసని జానెడు విప్పి పీచు చేయండి. అడవి ద్రాక్ష తీగ దొరికితే అది ఇంకా మంచిది. మేం వేటకి లీజుకి తీసుకున్న అడవిలో చెట్లన్నీ నిటారు పైన్లే, వంగిన కొమ్మ ఒక్కటీ లేదు. నేను తాడు కడుతుంటే లీజులో మగవాళ్ళు నవ్వారు. ఇప్పుడు వాళ్ళ స్టాండ్ల (చెట్టు మీద మాటు వేసే మంచెల) దగ్గర కూడా తాళ్ళే.

నాకు బాగా గుర్తున్న వీడియో ఒకటుంది. బక్ వచ్చి ముందు మట్టి వైపు చూడనే లేదు. మెడ చాచి తాడు కొసని నోట్లోకి తీసుకుని నమిలింది. తర్వాత కంటి మూల దానికి ఆనించి మెల్లగా రుద్దింది, ఆపైన నుదురు. ఇదంతా అయ్యాకే ముందు కాలితో మట్టి గీకి, వెనక కాళ్ళ మడమలు రెండూ దగ్గరికి చేర్చి వాటి మీదుగా పోసింది. నేల పని ఆఖర్న. డోలూ పిల్లలూ అయితే నేలని పట్టించుకోకుండా కొమ్మ మాత్రం వాసన చూసి పోతాయి. అది కూడా ఎద కాలంలోనే కాదు, మేలోనూ జూన్‌లోనూ వస్తాయి. అందుకే నేను వేసవిలోనే కట్టేస్తాను.

హిల్‌కంట్రీ_రెడ్డి:
అక్కా సూపర్. మా టెక్సస్‌లో ఇంత కష్టం లేదు, ఫీడర్‌లో మొక్కజొన్న పోస్తే చాలు. ఇంకో సంగతి. మన చుక్కల దుప్పి ఇక్కడ బోలెడుంది తెలుసా? 1932 ప్రాంతంలో తెచ్చి వదిలారట, ఇక్కడ యాక్సిస్ అంటారు. దానికి సీజన్ లేదు, ఏడాదంతా వేటాడొచ్చు. మాంసం ఇక్కడి మామూలు జింక వైట్‌టెయిల్ కంటే చాలా బాగుంటుంది. గోంగూరలో వేసి వండితే మటన్ అడగరు.

గుంటూరు_నుంచి_శ్రీధర్:
మన దేశంలో 1972 చట్టం ప్రకారం దుప్పిని చంపితే జైలు. మీరు అక్కడికి వెళ్ళి అదే దుప్పిని గోంగూరలో వండుకుంటున్నామని గొప్పగా రాస్తున్నారు. చదవడానికే బాధగా ఉంది. కొమ్మ కట్టి, ఆశ పెట్టి, పొంచి కూర్చుని చంపడం ఏం వేట అండీ?

హిల్‌కంట్రీ_రెడ్డి:
శ్రీధర్ గారూ, అక్కడ అది అడవి బిడ్డ, ఇక్కడ బయట నుంచి వచ్చి పడ్డది. ఇక్కడి జింకల మేత తినేస్తోంది. తగ్గించకపోతే వైట్‌టెయిల్‌కే నష్టం.

వించెస్టర్_బాబాయ్:
శ్రీధర్ గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ తోడేలు లేదు, కూగర్ లేదు. హైవే మీద రోజూ కార్లు జింకల్ని గుద్దుతుంటాయి. జింకలు ఎక్కువైన అడవిలో చిన్న ఓక్ మొక్క ఒక్కటి పైకి రాదు, అన్నీ మొలకలోనే కొరికేస్తాయి. ఇంకోటి చెప్తాను. 1937 చట్టంతో తుపాకులు, తూటాలు, విల్లంబుల మీద వసూలు చేసే ఫెడరల్ పన్ను అడవి జంతువుల సంరక్షణకే వెళ్తుంది. రైఫిల్ మీద అది 11 శాతం. నేను కట్టిన డబ్బూ అందులో ఉంది.

కొత్త_లైసెన్స్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను హెచ్1బి మీద ఉన్నాను. తుపాకీ ముట్టుకుంటేనే వీసా పోతుందని మా రూమ్మేట్ టెన్షన్ పెడుతున్నాడు. నిజమా? విల్లుకి కూడా ఇదే రూలా?

జార్జియా_సుజాత:
తమ్ముడూ, హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కానీ చెల్లుబాటులో ఉన్న స్టేట్ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు దాటిన రోజు నుంచి మినహాయింపూ ఉండదు, అది మర్చిపోవద్దు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. విల్లు ఆ చట్టం కింద తుపాకీ కాదు. మీ స్టేట్ రూల్ విడిగా చూసుకోండి. వీసా విషయంలో ఫోరమ్ మాట నమ్మి ఆగిపోకండి, లాయర్‌ని ఒకసారి అడగండి.

ఒహాయో_శీను:
నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. వాసనతో పనిలేకపోతే బక్ గాలి కిందికి వచ్చి ముక్కెత్తి ఎందుకు వెతుకుతుంది?

విస్కాన్సిన్_విల్లు:
శీను భాయ్, ఈ చర్చలో అసలు విషయం ఇప్పుడు పట్టావు. కిరణ్, నీ జవాబు ఇందులోనే ఉంది.

పెద్ద బక్ పగలు స్క్రేప్ మీదికి నేరుగా రాదు. గాలి తన వైపు వీచేలా ఇరవై ముప్ఫై గజాల అవతల నుంచి, పొదల చాటున, వాసన చూసి పక్కకి పోతుంది. నీ కెమెరా స్క్రేప్ వైపే తిరిగి ఉంటుంది కాబట్టి అది నీకు పడదు. రాత్రి ఫొటోలే వస్తున్నాయంటే బక్ పగలు తిరగడం లేదని కాదు. స్క్రేప్ మీద పని ఎక్కువ భాగం చీకట్లోనే జరుగుతుందని యూనివర్సిటీ ఆఫ్ జార్జియా వాళ్ళు కెమెరాలు పెట్టి చూసి రాశారు. ఒకే స్క్రేప్‌కి చాలా బక్‌లు వస్తాయని కూడా.

చేను అంచున ఉన్నదాన్ని కదపకు. అది కబురు కోసం. లోపల, అవి పడుకునే గుబురుకి చేనుకి మధ్య దారిలో ఇంకోటి వెయ్యి, సుజాత గారు చెప్పిన తాడుతోనే. స్టాండ్ స్క్రేప్ మీద కాదు, గాలి దిగువన బక్ నడుస్తుందనుకున్న దారికి బాణం అందేలా పెట్టు. నీ వాసన దాని దారిలోకి పోకుండా ఇంకాస్త పక్కకి. పడక మీదుగా నడిచి స్టాండ్ ఎక్కితే ఎంత మంచి స్క్రేప్ అయినా దండగ. కెమెరా కార్డు తీయడానికి వారం వారం వెళ్ళకు, ఫొటోలు ఫోన్‌కి పంపే సెల్ కెమెరా పెట్టుకో.

సెలవు నవంబర్ మొదటి వారం అన్నావు, సరైన టైమ్. డోలు ఎదకి వచ్చాక బక్ వాటి వెనకే పడుతుంది, స్క్రేప్ వైపు చూడదు. నెల సగం దాటాక స్క్రేప్ దగ్గర కూర్చోవడం నేనైతే మానేస్తాను.

హిల్‌కంట్రీ_రెడ్డి:
మీ దగ్గర నవంబర్ సగానికే స్క్రేప్‌ల జోరు చల్లబడుతుందా? మా సౌత్ టెక్సస్‌లో రట్ (జింకల ఎద కాలం) డిసెంబర్‌లో. అక్కడ స్క్రేప్‌లు థాంక్స్‌గివింగ్ తర్వాతే ఊపు మీదుంటాయి.

లౌడన్_కిరణ్:
విస్కాన్సిన్ అన్నా, చాలా థాంక్స్. చేనుకి పడకకి మధ్య చిన్న వాగు ఉంది. అది దాటే చోట గట్టు కోసుకుపోయి జింకల అడుగులే ఉన్నాయి. తాడు అక్కడే కడతాను. ఆ వారం వాయువ్య గాలి ఎక్కువ ఉంటుందని రైతు అన్నారు, కాబట్టి స్టాండ్ ఆగ్నేయం వైపు. సుజాత అక్కా, తాడు ఎంత లావు ఉండాలి?

జార్జియా_సుజాత:
బొటనవేలంత. సన్నదైతే గాలికి ఊగి కొమ్మకి చుట్టుకుపోతుంది.

ఒహాయో_శీను:
నేను ఈ సీజన్ బాటిల్ స్క్రేప్ ఒకటి, ఉత్త తాడు స్క్రేప్ ఒకటి, రెండూ ఒకే గట్టు మీద వేసి కెమెరాలు పెడతాను. బాబాయ్, వీడియోలు ఇక్కడే పెడతాను, చూసి మాట్లాడండి.

వించెస్టర్_బాబాయ్:
తాడు వీడియో పెట్టు, చూస్తాను. రెండోది నాకు వద్దు. కిరణ్, బక్ పడితే తినే ముందు తల శాంపిల్ టెస్ట్‌కి ఇవ్వు. మన కౌంటీలకి శాంపిల్ వదిలే డ్రాప్ ఎక్కడ పెట్టారో స్టేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. రిజల్ట్ వచ్చేదాకా మాంసం విడిగా, పేరు రాసి ఫ్రీజర్‌లో పెట్టు. పాజిటివ్ వస్తే తినొద్దని సీడీసీ చెప్తోంది.