గోపాల్‌పూర్ సముద్రపు నీళ్లు రీఫ్ ట్యాంకుకు పనికొస్తాయా? ఉప్పు కొనాల్సిందేనా?

బరంపురం బుల్లి రీఫ్:
మాది బరంపురం. పగడాలు పెంచే 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, పెట్టి పద్నాలుగు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, పగడాల్లో జోవాలు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. పదిహేను రోజులకోసారి స్కూటర్ మీద గోపాల్‌పూర్ వెళ్లి రెండు క్యాన్లు నింపుకొచ్చి 40 లీటర్లు మారుస్తాను. ఏడాది పాటు ఏ గొడవా లేదు. దసరా దాటాక జోవాలు ముడుచుకుపోయాయి, రాళ్ల నిండా జుట్టులాంటి పచ్చ నాచు. నిన్న కొలిస్తే నాచుకు ఎరువులాంటి నైట్రేట్ 40, ఫాస్ఫేట్ 0.25, ఉప్పదనం చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.019. విశాఖలో ఉండే మా బావ "సముద్రాన్ని నమ్ముకుంటే ఇంతే, రీఫ్ సాల్ట్ బకెట్ కొను" అంటున్నాడు. మంచినీళ్లలో కలిపి సముద్రపు నీళ్లు చేసుకునే ఆ ఉప్పు ధర చూస్తే నాకు టెన్షన్. ఇంట్లో ఇప్పటికే ఈ ట్యాంకు పేరెత్తితే ముఖాలు మాడుతున్నాయి. ఏం చేయమంటారు?

రాయగడ ఉప్పుమూట:
మీ బావగారి మాటే రైటు. నాకు సముద్రం దగ్గర్లో లేక చెబుతున్నాననుకోకండి. పగడాలు పెరిగే నీళ్లు అండమాన్‌వి, లక్షద్వీప్‌వి. మన తీరం నదుల బురద తీరం. పడవల డీజిల్, రొయ్యల చెరువుల నీళ్లు, ఊరి మురుగు అన్నీ అందులోకే. ఇవాళ బాగున్న నీళ్లు రేపు ఎలా ఉంటాయో మీకెలా తెలుస్తుంది? ఉప్పు కలుపుకుంటే ప్రతిసారీ ఒకటే లెక్క: లీటరుకు 36 గ్రాముల చొప్పున 40 లీటర్లకు దాదాపు కిలోన్నర. కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ ఎంత ఉంటాయో ముందే తెలుసు. కిరాణా కొట్టు కల్లుప్పు వాడొచ్చా అని మాత్రం అడగొద్దు, ఒకాయన నిజంగానే అడిగాడు.

పోటు పాటు (గోపాల్‌పూర్):
ఉప్పుమూట గారూ, బురద నీళ్లలో పగడాలు బతకవంటే కచ్ఛ్ సింధుశాఖ సంగతేమిటి? అక్కడ నీళ్లు మన దగ్గరికంటే మడ్డిగా ఉంటాయి, పగడాలూ ఉన్నాయి. తేడా ఒక్క బురదలోనే కాదు, ఉప్పదనంలోనూ. అక్కడ కలిసే నది నీరు తక్కువ. ఇక్కడ వానాకాలం వెళ్లేసరికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు తీరం వెంబడి దక్షిణానికి దిగుతాయి. ఉత్తరాన మన రుషికుల్య నది ఎలాగూ ఉంది. ఆ రెండు మూడు నెలలు ఒడ్డున నీళ్లు నోట్లో పోసుకుంటేనే చప్పదనం తెలుస్తుంది, మా ఇంట్లో వేటకు వెళ్లేవాళ్లకు మీటరు అక్కర్లేదు.

బుల్లి రీఫ్ తమ్ముడూ, నీ 1.019 అక్కడిదే. ఎండాకాలంలో, పోటు నిండాక, పడవలు ఆగని చోట తీసుకో. పాటు మీద తీస్తే కాలువ నీళ్లే క్యాన్‌లోకి వస్తాయి. నేను రొయ్యపిల్లల హేచరీలో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడ లక్షల పిల్లలు బతికేది ఈ సముద్రం మీదే. కాకపోతే తెచ్చింది తెచ్చినట్టు పోయరు. వడకట్టి, క్లోరిన్ వేసి, రాత్రంతా గాలి కొట్టి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచి, కిట్‌తో చూసుకున్నాకే వాడతారు.

రాయగడ ఉప్పుమూట:
అంత తతంగం ఇంట్లో ఎవరు చేస్తారండీ? దానికన్నా ఉప్పు కలపడమే సుఖం కదా!

పర్లాకిమిడి మాస్టారు:
ఇద్దరూ కాసేపు ఆగండి. బాబూ, ట్యాంకు కొలిచావు సరే, క్యాన్‌లో నీళ్లు కొలిచావా? ఆవిరైన నీటికి బదులు ఏం పోస్తున్నావు? మేత ఏమిటి?

బరంపురం బుల్లి రీఫ్:
ఇప్పుడే కొలిచాను మాస్టారూ. క్యాన్‌లో నైట్రేట్ రంగే రాలేదు, ఫాస్ఫేట్ 0.05, గ్రావిటీ 1.019. ఆవిరికి ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్లు, రోజుకు రెండు మూడు లీటర్లు. వాటి టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 85 చూపిస్తోంది! మేత రోజుకు రెండుసార్లు ఫ్రోజెన్ రొయ్యపొట్టు, కరిగిన నీళ్లతో సహా.

పర్లాకిమిడి మాస్టారు:
మరి ఈ నైట్రేట్ సముద్రం నుంచి రాలేదు, నీ ట్యాంకులోనే పుడుతోంది. లెక్క చూడు. పదిహేను రోజుల్లో ట్యాంకులో 8 పుడుతోందనుకో. నువ్వు మార్చేది ఐదో వంతు. 40లో ఐదో వంతు 8, అది పోతుంది. మళ్లీ 8 పుడుతుంది, మళ్లీ 40. గోపాల్‌పూర్ నీళ్లు పోసినా, స్వచ్ఛజలంలో ఉప్పు కలిపి పోసినా అక్కడే నిలబడుతుంది. పుట్టేది 2కి తగ్గించు, అదే మార్పిడితో మెల్లగా 10కి దిగుతుంది. మేత ఒక పూటకు తగ్గించి, కరిగిన నీళ్లు వడకట్టి సింకులో పారబొయ్యి. ఫిల్టర్ స్పాంజి ఎప్పుడు కడిగావో కూడా చూసుకో. బరంపురంలో ఉప్పు బకెట్ కొన్నవాళ్లకూ ఈ నాచు వచ్చింది, నేను చూశాను.

తాగే ఆర్ఓలో రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే ఏర్పాటు ఉంటుంది. నీ 85కి చాలావరకు అదే కారణం కావచ్చు. మెంబ్రేన్ తరువాత నేరుగా పట్టి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపితే సున్నా వస్తుంది.

ఉప్పదనం మాత్రం సముద్రం తప్పే, అందులో పోటు పాటు గారు చెప్పింది నిజం. ఒక్కరోజులో పెంచకు. కొన్నాళ్లు ఆవిరికి బదులు మంచినీళ్లు కాకుండా 1.025 ఉప్పునీళ్లు పొయ్యి, రెండు మూడు వారాల్లో అదే పైకొస్తుంది. అక్కడికి చేరాక మళ్లీ మంచినీళ్లే.

రాయగడ ఉప్పుమూట:
ఆ 1.025 నీళ్లు కలపడానికైనా ఉప్పు కొనాలిగా 😀 సరే, నైట్రేట్ విషయం ఒప్పుకుంటున్నా. ఫాస్ఫేట్ తగ్గించే మందు ఒక్కసారిగా గుమ్మరించకండి. నేను రెండూ సున్నాకి తెచ్చి మురిసిపోయాను, పది రోజుల్లో రాళ్ల మీద గోధుమరంగు చీమిడి పేరుకుంది. డైనోలు (డైనోఫ్లాజెలేట్‌లనే సూక్ష్మజీవులు). నాచే నయమనిపించింది. అన్నట్టు, సముద్రానికి వెళ్లేవాళ్లు రాళ్లూ పగడాలూ ఏరుకు రాకండి, గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి.

పోటు పాటు (గోపాల్‌పూర్):
ఒడ్డున పగడాలు ఎక్కడున్నాయండీ, తాబేళ్లు తప్ప.

తమ్ముడూ, ఒక చిన్న ప్యాకెట్ ఉప్పు కొని ఈ మూడు నెలలు గట్టెక్కు. ఫాల్గుణంలో ఇటు రా, నేనే పడవ మీద లోపలికి వెళ్లి రెండు డ్రమ్ములు నింపించి ఇస్తా. చీకటి గదిలో మూతపెట్టి, చిన్న పంపు తిప్పుతూ ఉంచుకో.

బరంపురం బుల్లి రీఫ్:
థ్యాంక్స్ అన్నా. రాత్రి నుంచి మేత ఒక పూటే. స్పాంజి తీసి చూస్తే నల్లటి బురద, వాసనకు మా అమ్మ వంటగదిలోంచి బయటికి వచ్చేసింది. డ్రమ్ముల సంగతి, మా వీధి చివర పాత నీలం డ్రమ్ములు చవగ్గా ఇస్తున్నారు, తీసుకోనా?

పర్లాకిమిడి మాస్టారు:
ముందు వాటిలో ఏం పోసేవారో కనుక్కో.