చర్చ: కొండపల్లె నిలవాలంటే ముందు కావలసింది ఊరి పబ్బా, ఊళ్ళో ఇళ్ళా?

కొండగాలి:
వేల్స్ వాయవ్య మూలన లీన్ ద్వీపకల్పంలో, అర్ ఐవల్ కొండల వాలు మీద, లిథ్‌వైన్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు గ్రానైట్ క్వారీల మీద బతికిన ఊరది. అక్కడి పబ్బు మూతపడితే 1988లో గ్రామస్థులే వాటాలు వేసుకొని దాన్ని కొన్నారు. తవర్న్ అ విక్ పేరుతో అది ఇప్పటికీ సహకార పద్ధతిలోనే నడుస్తోంది. తాగడానికి ఒక చోటు మిగలడం ఇక్కడ చిన్న విషయం. పాటల కచేరీలు జరిగేది, రైతులూ పడుచువాళ్ళూ ఒకే బల్ల దగ్గర తమ సొంత భాష అయిన వెల్ష్‌లో మాట్లాడుకునేది అక్కడే కాబట్టి, పల్లెను కాపాడదలచిన వారు మొదట చేజిక్కించుకోవలసింది ఇలాంటి చోటునే అని నా వాదన.

లెక్కలమాస్టారు:
అంగీకరించలేను. ఆ ఊరున్న గ్వినెద్ కౌంటీలో వెల్ష్ మాట్లాడేవారు 2011 జనగణనలో 65.4 శాతం, 2021లో 64.4 శాతం. పబ్బు తెరిచి ఉన్న కాలంలోనే ఈ తరుగుదల కూడా జరిగింది. సముద్రం కనిపించే ఇళ్ళను బయటివారు సెలవుల కోసం కొనుక్కుంటుంటే, స్థానిక జీతాలతో బతికే జంట ఆ ధరను అందుకోలేదు. రెండో ఇళ్ళపై మామూలు పన్నుకు అదనంగా 300 శాతం వరకు విధించే అధికారం 2023 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ళకు వచ్చింది, గ్వినెద్ 150 శాతం విధించింది. ఆ ఇంటినే అద్దె విడిదిగా చూపించి వ్యాపార పన్ను కిందికి జారుకునేవారిని ఆపడానికి, ఏడాదిలో కనీసం 182 రోజులు నిజంగా అద్దెకిచ్చి ఉండాలన్న నిబంధన కూడా అప్పుడే అమలులోకి వచ్చింది. అంతకు ముందు 70 రోజులే సరిపోయేది. పల్లెను నిలబెట్టగలిగేవి ఇలాంటి చట్టాలే.

బాంగర్ డాక్టర్:
మాస్టారూ, అదే పదేళ్ళలో వేల్స్‌లోని మరో కౌంటీ కార్మార్థన్‌షైర్ 43.9 నుంచి 39.9 శాతానికి పడిపోయింది. దాని పక్కన పెట్టి చూస్తే గ్వినెద్ నిలదొక్కుకున్నట్టే. అందుకు కారణం పబ్బు అని నేననను, అది కాదని మీరూ ఈ అంకెలతో నిరూపించలేరు.

నిజానికి మీరిద్దరూ ఉపాధిని వదిలేశారు. లిథ్‌వైన్ పక్కనే ఉన్న లనైల్‌హయర్న్‌లో 1970లలో బడి మూసివేత ముప్పు వచ్చినప్పుడు, అక్కడి వైద్యుడు కార్ల్ క్లౌజ్ ఊరివారితో కలిసి పోరాడారు. ఆ ఊపులోనే 1974లో ఆంటిర్ ఐల్‌హయర్న్ అనే గ్రామ సహకార సంస్థ పుట్టింది. అల్లిక దుస్తుల తయారీ వంటి పనులు పెట్టి ఊళ్ళోనే జీతాలు పుట్టించాలన్నది దాని ఆలోచన. వైద్యుడికి ఇదంతా ఎందుకని అడిగేవారు ఎక్కడైనా ఉంటారు, కానీ యువత వెళ్ళిపోయిన ఊరిలో ఆయన చూడవలసిన రోగులంతా ముసలివాళ్ళే కదా. కొండ కింద సముద్రపు ఒడ్డున పాడుబడిన క్వారీ గ్రామం నాంత్ గుర్థేయిర్న్‌ను కొనడానికి 1978లో ఏర్పడిన ట్రస్టు వెనుక ఉన్నదీ ఆయనే. ఇప్పుడది వెల్ష్ నేర్పే కేంద్రం, కొందరికి ఉద్యోగమిచ్చే చోటు.

లెక్కలమాస్టారు:
డాక్టరు గారూ, మీ ఉదాహరణ నా పక్షానికే పనికొస్తుంది. నాంత్ గుర్థేయిర్న్‌లో క్వారీ కార్మికుల ఇళ్ళను చక్కగా బాగుచేశారు, కానీ వాటిలో బస చేసేది కోర్సులకూ పెళ్ళిళ్ళకూ వచ్చేవారు. సంస్థ బతికింది, పాత కాపురాలు మాత్రం తిరిగి రాలేదు.

కొండగాలి:
ఆ తేడాను ఒప్పుకుంటాను. అయితే చట్టం ఇంటి ధరను కొంత దించవచ్చు గాని, ఆ ఇంట్లోకి ఎవరు రావాలో నిర్ణయించలేదు. ధర తగ్గిన ఇంటిని రేపు మరో ఊరి పదవీ విరమణదారుడు కొనుక్కుంటే ఏమి చేస్తారు? 1988లో పబ్బుకు వాటాలు వేసిన పద్ధతిలోనే ఊరివారు ఒక్కో ఇంటినీ ఉమ్మడిగా కొని, అమ్మకుండా స్థానిక కుటుంబాలకు అద్దెకివ్వాలని నేనంటాను. పబ్బు కంటే ఇంటికి చాలా ఎక్కువ సొమ్ము కావాలి కాబట్టి, రెండో ఇళ్ళ అదనపు పన్నులో కొంత భాగాన్ని కౌన్సిలు నేరుగా అలాంటి గ్రామ సంస్థలకు అప్పగించడానికి మీకు అభ్యంతరమేమిటో చెప్పండి.