అప్‌డేట్: హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండులో మాట్లాడితే నెట్ తెగిపోయే సమస్య తీరింది (మిర్యాలగూడ)

హామ్ రేడియోలో (అభిరుచిగా, లైసెన్సుతో నడిపే రేడియో) 40 మీటర్ల బ్యాండుపై, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, మాట్లాడటానికి మైకు బటన్ నొక్కగానే రేడియో గదిలోని కంప్యూటర్‌కు నెట్ పోతోందని, 20 మీటర్ల బ్యాండులో మాత్రం ఏ ఇబ్బందీ లేదని కిందటి నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "రూటర్‌ను వదిలేసి తీగలు చూడండి" అన్నవారిదే సరైన మాట.

నల్లగొండ నుంచి వచ్చిన ఒక సీనియర్ హామ్ లాన్ కేబుల్ పీకేసి, ఫోనులో వైఫై పెట్టి, రేడియోలో 50 వాట్లతో ప్రసారం చేశారు. వైఫై చెక్కుచెదరలేదు. దోషం కేబుల్‌దే. మెట్ల గోడ వెంట దాన్ని కోయాక్స్‌తో (రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే తీగ) కలిపి టేపు చుట్టింది నేనే! పొడవు పదిన్నర మీటర్లు, 7.1 మెగాహెర్ట్జ్‌కు దాదాపు పావు తరంగదైర్ఘ్యం. ఆ పొడవున్న తీగ ఆ తరంగాలను బాగా పట్టుకుంటుంది. అంటే తెలియకుండానే ఇంట్లో రెండో యాంటెన్నా కట్టుకున్నాను.

రెండింటినీ విడదీసి, లాన్ కేబుల్ రెండు చివర్లా 31 రకం ఫెర్రైట్ రింగులకు (తీగలో రేడియో తరంగాలను అడ్డుకునేవి) ఎనిమిదేసి చుట్లు వేశాం. డైపోల్ (యాంటెన్నా) దగ్గర కోయాక్స్‌కూ ఒక చోక్, అంటే అలాంటి అడ్డే, పెట్టాం. వారం రోజులుగా ఒక్కసారీ తెగలేదు.

ముందు ప్రయత్నించిన కొత్త అడాప్టర్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) మార్పు దండగే. ఉప్పు, బొగ్గు పోసి పాతిన ఎర్తు కడ్డీ కూడా దీనికి పనికిరాలేదు. 100 వాట్లతో ఇంకా చూడలేదు.