6×4 గూట్లో 26 కోళ్లు: పొడిగించాలా, ఇంకోటి కట్టాలా?

గోదారి గట్టు:
పెరట్లో గూడు 6 అడుగుల పొడవు, 4 వెడల్పు. 8 పెట్టలకని కట్టింది. ఇప్పుడు పెట్టలు 10, పుంజులు 2, మూడు నెలలు దాటిన పిల్లలు 14. అన్నీ నాటువే, పగలంతా బయటే మేస్తాయి. లోపల కోళ్లెక్కి పడుకునే వాసం ఒక్కటే. చీకటి పడితే సగం జామచెట్టెక్కుతున్నాయి. పొద్దున తలుపు తీస్తే కళ్లు మండే ఘాటు. పక్కన 10 అడుగుల జాగా ఉంది. ఏం చేయమంటారు?

నాటుకోడి పెరడు:
రాత్రి పడకకే అయితే పెద్ద కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు చాలండి. అంటే మీ 24 అడుగుల్లో 12, మహా అయితే 16. పగలు కూడా మూసి ఉంచేవాళ్లు ఈ లెక్క పట్టుకోకూడదు, వాళ్లకి దీనికి రెట్టింపు కావాలి.

చెట్టెక్కుతున్నాయంటే ముందు చూడాల్సింది వాసం. కోడికి 8 అంగుళాల చొప్పున మీ ఒక్క వాసం మీద పట్టేవి 9. రెండోది వేయండి. గోడకి అడుగు, రెంటి మధ్య అడుగున్నర ఎడం, నేలకి రెండడుగుల ఎత్తు. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద అయితే రోజూ పైదాని కోసం కొట్లాటే. రెండంగుళాల లావు సరుగుడు కర్ర, బెరడు చెక్కేసి వాడండి. బెరడు సందుల్లో గోమార్లు చేరతాయి. పీవీసీ పైపు మాత్రం వద్దు, కాలు నిలవదు.

మానేరు వాగు:
రెండో వాసం వేసినా 18కే సరి. ఇంకో గూడు కట్టుడే మేలు. పిల్లలను వేరే పెట్టొచ్చు, రేపు కొత్త కోడిని కొంటే మూడు వారాలు విడిగా ఉంచే జాగా ఉంటది. 8×4 కడితే ఊడ్చడానికి రెండడుగుల సందు మిగులుతది. పొడుగు తూర్పు పడమర ఉండాలె. ముందర 6 అడుగుల ఎత్తు, వెనక 5. సిమెంటు రేకు వేస్తే మీద తాటాకు కప్పండి, లేకుంటే మే నెలల కోళ్లు నోరు తెరిచి ఎగపోస్తయి. 14ల సగం దాకా పుంజులే తేలుతయి, వాటిని అమ్మితే రెండు గూళ్లు బాగానే సరిపోతయి. పది పెట్టలకు ఒక పుంజు చాలు.

గోదారి గట్టు:
థాంక్సండీ. జాలీ ఏది తీసుకోవాలి? కోళ్ల జాలీ చవగ్గా వస్తోంది.

నాటుకోడి పెరడు:
ఆ ఆరు మూలల జాలీ కోళ్లని లోపల ఆపుతుంది గానీ ముంగిసని, కుక్కని బయట ఆపదు. కోడి దాన్ని ఆనుకుని పడుకుంటే బావురుపిల్లి బయట్నించే పంజా పెట్టి లాగేస్తుంది. అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ వేయండి. కింద అడుగున్నర ఇటుక గోడ కట్టి, గోడ చుట్టూ బయటి వైపుకి అడుగు వెడల్పున మెష్ మట్టిలో పరవండి. పందికొక్కు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, మెష్ తగిలి ఆగిపోతుంది.

ఘాటుకి భయపడి గాలి సందులు మూసేవాళ్లున్నారు, అది తలకిందుల వైద్యం. మూడంగుళాల వరి ఊక పోసి, వారానికోసారి తిరగేయండి. గుప్పెడు తీసి పిసకండి. ముద్ద కడితే తడి ఎక్కువైనట్టు, మార్చేయాలి. పొడిపొడిగా రాలితే ఇంకా పనికొస్తుంది. నీళ్ల మూకుడు రాత్రి లోపల ఉంచకండి.

మానేరు వాగు:
గుడ్ల పెట్టెలు వాసం కంటే కింద పెట్టండి. పైన పెడితే అండ్లనే పండుకొని రెట్ట వేస్తయి. ఐదు పెట్టలకు అడుగు చదరంది ఒక్కటి చాలు.

పిల్లలను రాత్రి పట్టి కొత్త గూట్ల వేయండి, నాలుగైదు రోజులు బయటికి వదలకుండా మేత, నీళ్లు లోపలనే పెట్టండి. వదిలిన మొదటి సాయంత్రం కొంచెం నూకలు చల్లి లోపలికి పిలవండి. జామచెట్టు కింది కొమ్మలు ఆలోపే కొట్టేయండి, లేకుంటే అండ్లకెళ్లి సగం మళ్ల అటే పోతయి.