సంక్షేమ మోసాలపై సమాచారమిచ్చేవారికి బహుమతి ఉండాలా?

ప్రశ్న: అర్హత లేకుండా పింఛను, భృతి పొందుతున్నవారి గురించి తెలియజేసిన పౌరులకు ప్రభుత్వం నగదు బహుమతి ఇవ్వడం సమంజసమేనా? పగతో చేసే తప్పుడు ఫిర్యాదులు పెరుగుతాయేమోనని నా భయం.

మొదటి జవాబు: మీ భయం సహేతుకమే. అయితే అమెరికాలో 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం ప్రకారం, ప్రభుత్వ సొమ్ము కాజేసినవారిపై దావా వేసిన వ్యక్తికి, రాబట్టిన మొత్తంలో సాధారణంగా 15 నుంచి 30 శాతం వాటా లభిస్తుంది. అంటే ప్రతిఫలం ఫిర్యాదుకు కాదు, వసూలైన సొమ్ముకే.

రెండవ జవాబు: ఆ చట్టాన్ని ఎక్కువగా ఆసుపత్రులు, గుత్తేదారుల దొంగ బిల్లులపైనే ప్రయోగిస్తారు. ఒంటరి వృద్ధురాలి పింఛనుపై ఇరుగుపొరుగు చేత నిఘా పెట్టించడం అందుకు పూర్తిగా భిన్నమైన విషయం. విచారణ ముగియకముందే చెల్లింపు ఆపితే, ఏ తప్పూ చేయని మనిషి ఆ నెల పస్తులుండవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: విచారణ తేలేదాకా చెల్లింపు ఆపకూడదన్న నిబంధన ఉంటే, బహుమతికి నాకు అభ్యంతరం లేదు.