నేలపట్టు చెరువు కట్టపై నడకను పక్షులు గూళ్లు కట్టే నెలల్లో ఆపాలా?

కట్టబాట (ప్రశ్న):
తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గర ఉన్న నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రానికి పోయిన జనవరిలో వెళ్లాను. పొద్దున పదింటికి కట్ట మీద నడుస్తున్నాను. సందర్శకులు కొందరు నీటిలోని, పక్షులు గూళ్లు కట్టే కడప అనే రకం చెట్లకు ఎదురుగా ఆగి, చేతులు చాపి చూపించుకుంటూ మాట్లాడసాగారు. ముందు ఒక గూడబాతు (పెలికాన్) మెడ ఎత్తింది, తరువాత గూటిలో లేచి నిలబడింది, చూస్తుండగానే ఆ కొమ్మ మీది పెద్ద పక్షులన్నీ ఎగిరిపోయాయి. ఈకలు మొలవని రెండు పిల్లలు ఎండలో నోళ్లు తెరిచి ఒగరుస్తూ ఉండగా, పక్క కొమ్మ మీదికి ఒక కాకి వచ్చి వాలింది. తల్లి తిరిగి వచ్చే వరకు నాకు కాలు కదలలేదు. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టపై నడకను పూర్తిగా ఆపి, సందర్శకులను వాచ్ టవర్‌కే పరిమితం చేయాలని నా అభిప్రాయం. అభయారణ్యంలోకి అనుమతి లేనిదే ప్రవేశం కూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎటూ చెబుతోంది కనుక, ఇందుకు కొత్త చట్టమేదీ అవసరం లేదు.

ఆయకట్టు రైతు:
అయ్యా, మీ బాధ అర్థమైంది కానీ మీరు చెప్పిన మందు సరికాదు. రెట్టలు కలిసిన ఈ చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని మా పెద్దలకు తెలుసు కాబట్టే, 1976లో దీన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించక ముందు నుంచీ ఊరు ఈ పక్షులను కాపాడుకుంటూ వచ్చింది. పార భుజాన వేసుకొని కట్ట మీద పోయే మనిషిని చూసి గూడబాతు లేవదు. ఆగి తన వైపే చూసే మనిషిని చూస్తేనే అది బెదురుతుంది. తప్పు నడకది కాదు, నిలబడటానిది.

నెల్లూరు కెమెరా:
తమిళనాడులోని వేడంతాంగల్‌లో కూడా జనం చెరువు కట్ట మీద నుంచే పక్షులను చూస్తారు, అయినా అవి ఏటా వస్తున్నాయి. పులికాట్ సరస్సు నుంచి చేపలు తెచ్చి పిల్లల నోట పెట్టే గూడబాతును దగ్గరగా చూసిన బడిపిల్లవాడు దాన్ని జన్మలో మరవడు. ఆ అవకాశాన్ని తీసేయకండి.

కట్టబాట:
రైతుగారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ రోజు నేను చూసిందీ అదే. వాళ్లు నడిచినంతసేపూ ఒక్క పక్షీ కదలలేదు. కనుక పూర్తిగా ఆపాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఊరివారికి పుట్టుకతో వచ్చిన ఆ ఒద్దిక, చలికాలంలో ఫ్లెమింగో పండుగకు ఒక్కపూట వచ్చిపోయే వేలమందికి ఎలా వస్తుంది? పైగా ఆ పండుగ సరిగ్గా గూళ్ల కాలంలోనే వస్తుంది. ఎండ ముదరకముందే, కాపలాదారు వెంట ఐదారుగురు చొప్పున, చెట్ల ఎదుట ఆగకుండా నడవనిచ్చి, ఫొటోలు టవర్ పైనుంచే తీయమంటే సరిపోతుందేమో. పిల్లలకు ఈకలు రాని వారాల్లో మాత్రం ఆ నడక కూడా వద్దనే అంటాను, ఎందుకంటే అప్పుడు తల్లి రెక్కల నీడ తప్ప వాటికి వేరే ఆసరా లేదు.

ఆయకట్టు రైతు:
దీనికి నేను ఒప్పుకుంటాను, ఒక్క మాట తప్ప. అన్ని గూళ్లలో పిల్లలు ఒకే వారంలో పుట్టవు. ముందు కట్టిన గూటిలో పిల్ల ఎగరడానికి సిద్ధమయ్యే వేళకు పక్క చెట్టు మీద ఇంకా గుడ్లే ఉంటాయి. కాబట్టి తేదీలు కాగితం మీద రాసి కట్ట మొత్తం మూయడం కన్నా, రోజూ చెరువు చూసే ఊరి కాపలాదారుడు ఏ చెట్టు దగ్గర పచ్చి పిల్లలున్నాయో చెబితే, ఆ మేరకే కట్టకు తాడు కట్టవచ్చు.