కోచ్ సంతకం చేయనంటే మా అమ్మాయి మరో కళాశాల జట్టుకు మారవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి వచ్చి పదిహేడేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాము. మా పెద్దమ్మాయి ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడలను నడిపే సంస్థ) మొదటి డివిజన్‌కు చెందిన ఒక విశ్వవిద్యాలయ మహిళల బాస్కెట్‌బాల్ జట్టులో స్కాలర్‌షిప్‌పై ఆడుతూ రెండో సంవత్సరం చదువుతున్నది. ఈ ఏడాది ఆడే అవకాశం బొత్తిగా రాకపోవడంతో మరో చోటికి వెళ్లాలని అనుకుంటున్నది. ఆ మాట చెప్పగానే కోచ్, "మన కాన్ఫరెన్స్‌లోని జట్లకు గానీ, వచ్చే ఏడాది మనతో తలపడే జట్లకు గానీ వెళ్లడానికి వీల్లేదు, నేను సంతకం చేయను" అన్నారట (కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమి). కోచ్‌కు నిజంగా ఆ అధికారం ఉన్నదా? పత్రికలకు చెబితే దిగివస్తారని ఇక్కడి మిత్రులు అంటున్నారు. అలా చేయడం మంచిదేనా?

సమాధానం:
నమస్కారమండీ. నేను ఒక విశ్వవిద్యాలయంలో క్రీడాకారులకు చదువు విషయంలో సలహాదారుగా కొన్నేళ్లు పనిచేశాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఆ అధికారం ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. 2018 అక్టోబరు 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం క్రీడాకారిణి కోచ్ అనుమతి అడగనక్కరలేదు, తాను మారదలచుకున్నట్టు లిఖితపూర్వకంగా తెలియజేస్తే చాలు. ఆ తరువాత రెండు పనిదినాల్లోగా ఆమె పేరును ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (మారదలచిన క్రీడాకారుల పేర్లుండే ఎన్‌సీఏఏ ఆన్‌లైన్ జాబితాలో) నమోదు చేయడం విశ్వవిద్యాలయం బాధ్యత.

అంతకుముందు పాత కళాశాల "విడుదల" ఇవ్వనిదే మరో కళాశాల కోచ్ ఆ విద్యార్థితో మాట్లాడకూడదు, మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. 2012లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు నుంచి వెళ్లిపోతానన్న జారెడ్ ఊథాఫ్ అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా విస్కాన్సిన్ ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్, మరో కాన్ఫరెన్స్ అయిన ఏసీసీ జట్లన్నింటితో పాటు మరికొన్నింటిని కూడా కలిపి, పాతికకు పైగా విశ్వవిద్యాలయాలకు వెళ్లరాదని ఆంక్ష పెట్టారు. కోచ్ బో రయన్ ఒక జాతీయ రేడియో కార్యక్రమంలో దానిని సమర్థించుకోబోయి మరింత విమర్శకు గురయ్యారు. ఆ వెంటనే విశ్వవిద్యాలయం బిగ్ టెన్ జట్లపై తప్ప మిగిలిన ఆంక్షలన్నింటినీ ఎత్తివేసింది. ఆ కుర్రవాడు మాత్రం తన సొంత రాష్ట్రంలోని అయోవా విశ్వవిద్యాలయానికే వెళ్లాడు. అదీ బిగ్ టెన్‌లోనిదే కాబట్టి మొదటి ఏడాది స్కాలర్‌షిప్ లేకుండా సొంత డబ్బుతో చదువుకున్నాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడించని పిల్లవాడికి దారి మూయడం అన్యాయమని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తున్నది.

కోచ్‌ల వాదనను కూడా వినాలి. ఏడాది పొడవునా నేర్పిన ఎత్తుగడలన్నీ తెలిసిన ఆటగాడు మరుసటి ఏడాది ఎదుటి జట్టులో నిలబడితే నష్టమేనని, పైగా ఇతర కోచ్‌లు చాటుగా పిల్లలను ఆకర్షిస్తారని వారు అనేవారు. ఈ రెండో భయం ఉత్తది కాదు. అయితే తప్పు చేసేది మరో కోచ్ అయినప్పుడు శిక్ష విద్యార్థికి పడడమే ఆ పద్ధతిలోని లోపం.

పత్రికల విషయానికి వస్తే, అది అన్ని వేళలా పనిచేసిన ఉపాయం కాదు. సెయింట్ జోసెఫ్స్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని 2011లో యూఏబీలో (అలబామా విశ్వవిద్యాలయం, బర్మింగ్‌హామ్) పై చదువుకు చేరిన టాడ్ ఓబ్రయన్‌కు పాత కళాశాల విడుదల ఇవ్వలేదు. ఆయన తన గోడును బహిరంగంగా రాసుకున్నారు, కోచ్ ఫిల్ మార్టెల్లిపై విమర్శలు వెల్లువెత్తాయి, కానీ విడుదల లేకుండా ఆడేందుకు మినహాయింపును ఎన్‌సీఏఏ నిరాకరించింది. 2014లో కాన్సస్ స్టేట్‌లో, తనను చేర్చుకున్న కోచ్‌నే తొలగించిన తరువాత వెళ్తానన్న స్పెయిన్ అమ్మాయి లెటీషియా రొమేరోకు మొదట విడుదల నిరాకరించారు, గట్టి విమర్శ తరువాత ఇచ్చారు. 2017లో మూడేళ్లలోనే పట్టా పూర్తి చేసిన కామెరాన్ జాన్సన్ నార్త్ కరోలినాకు వెళ్తే ఏడాది ఆడరాదని పట్టుబట్టిన పిట్స్‌బర్గ్ కూడా చివరికి తగ్గింది. విమర్శకు పనిబడిందంటే, అడగడానికి మరో దారి లేకపోవడం వల్లనే. మీ అమ్మాయికి దారి ఉన్నది కనుక ముందు ఆ దారిలో వెళ్లండి.

ఇక చేయవలసిన పని. కోచ్‌తో వాదించవద్దు, అథ్లెటిక్స్ విభాగంలోని కంప్లయన్స్ కార్యాలయానికి (నియమాల అమలును చూసే కార్యాలయం) మీ అమ్మాయి స్వయంగా ఈమెయిల్ పంపాలి. మహిళల బాస్కెట్‌బాల్‌కు పోర్టల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తెరిచి ఉంటుందో, ఎన్‌సీఏఏ నియమాల కంటే కఠినమైన నియమం ఏదైనా మీ కాన్ఫరెన్స్‌కు ఉన్నదో అందులోనే అడగాలి. పోర్టల్‌లో పేరు చేరకముందు వేరే కోచ్‌లతో ఆమె గానీ, మీరు గానీ, ఆమె తరఫున మిత్రులు గానీ మాట్లాడవద్దు.

ప్రశ్న అడిగిన వారు:
చాలా కృతజ్ఞతలండీ. పేరు ఇచ్చాక ఎక్కడా అవకాశం రాకపోతే ఇక్కడే కొనసాగవచ్చా? స్కాలర్‌షిప్ ఏమవుతుంది?

సమాధానం:
అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడేనండీ. పేరు ఇచ్చిన తరువాత, ఆ టర్మ్ ముగియగానే స్కాలర్‌షిప్‌ను ఆపివేసే వీలు విశ్వవిద్యాలయానికి ఉండవచ్చు. పేరు వెనక్కి తీసుకున్నా జట్టులోకి మళ్లీ చేర్చుకోవలసిన బాధ్యత కోచ్‌కు లేదు. అందుచేత మీరు సంతకాలు చేసిన ప్రతి కాగితాన్నీ, ముఖ్యంగా ఆర్థిక సహాయ ఒప్పందాన్ని, ముందుగా చదవండి. 2025లో కోర్టు ఆమోదించిన పరిష్కారంతో విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్లకు డబ్బు చెల్లించడం మొదలైంది. అలాంటి ఒప్పందాలు కొన్నింటిలో మధ్యలో వెళ్లిపోతే సొమ్ము తిరిగి కట్టాలన్న షరతులు ఉంటున్నాయి. కోచ్ నోటి మాటకు విలువ లేదు గానీ మీరు సంతకం చేసిన షరతుకు ఉన్నది. అలాంటిది కనిపిస్తే న్యాయవాదికి చూపించి, ఆ తరువాతే ఈమెయిల్ పంపండి.

మరొకటి, చదువు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండకుండానే ఆడవచ్చు, అయితే చదువులో అర్హత ఉండాలి. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం పూర్తి కావాలి. ఆ లెక్క కొత్త విశ్వవిద్యాలయంలో ఆమె తీసుకునే డిగ్రీ ప్రకారం వేస్తారు. ఇక్కడి క్రెడిట్లు అక్కడ డిగ్రీకి చెల్లకపోతే జట్టులో చోటు దొరికినా ఆడలేని పరిస్థితి వస్తుంది. నా దగ్గరకు వచ్చిన పిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ విషయంలోనే. కొత్త జట్టుకు మాట ఇచ్చే ముందే ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) పంపి, ఏ క్రెడిట్లు చెల్లుతాయో రాతపూర్వకంగా అడగండి.

మరొక సభ్యురాలు:
మా అన్నయ్యగారి అబ్బాయి ఎఫ్‌-1 వీసాపై ఆడుతున్నాడు. అతనికీ ఇవే నియమాలా?

సమాధానం:
ఆట నియమాలు అవేనండీ. అదనంగా అతని సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) పాత విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం కొత్త చోటికి బదిలీ చేయాలి, కొత్త ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన పత్రం) రావాలి, అయిదు నెలలలోపు అక్కడ తరగతులు మొదలు కావాలి. కోచ్‌కు, ఆ కార్యాలయానికి సంబంధం ఉండదు కాబట్టి పోర్టల్‌లో పేరు చేరితే ఇదీ అయిపోయిందని అనుకోకుండా, ఆ కార్యాలయానికి విడిగా దరఖాస్తు పెట్టమని చెప్పండి.